నాయన ఇస్తానన్న కళ్లు

మా చెల్లెలికి తట్టు పోసిన ఏడు ఆదోని చుట్టుపక్కల వానలు పడలేదు. డెబ్భైల మొదట్లో వచ్చిన కరువు అది. పత్తి మొలకలోనే మాడిపోయింది. మార్కెట్‌కు బండ్లు రావడం ఆగిపోయింది. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టే మా నాయనకు పని లేకుండా పోయింది. మేము దూదేకుల వాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిములం. ఆ ఏడు మా ఇంట్లో పొద్దున జొన్న సంగటి, రాత్రికి దాన్నే మజ్జిగ లేకుండా నీళ్లలో పిసుక్కుని తాగడం. పాలు, ఆకుకూర అన్న మాటే లేదు.

చెల్లెలు నాకంటే నాలుగేళ్లు చిన్నది. తట్టు తగ్గింది గానీ కళ్లు ఎర్రబడి, పుసులు కట్టి, రెప్ప విప్పలేకపోయింది. పక్కింటి ముసలామె ఏదో ఆకు తెచ్చిచ్చింది. మా అమ్మ దాన్ని అరచేతిలో నలిపి, గుడ్డలో పిండి, రెండు కళ్లలోనూ పసరు పోసింది. చెల్లెలు పెట్టిన కేక వీధి చివరి దాకా వినిపించింది. మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టని ముసలామె ధైర్యం చెప్పింది. కొన్నాళ్లకు ఎడమ కన్ను లోపలికి కుంచించుకుపోయింది. కుడి కంట్లో పువ్వు పూసింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కమ్మితే మా వైపు అలాగే అంటారు.

మా అమ్మ ఆ ముసలామెను ఒక్క మాట అనలేదు. దర్గాలకు తిప్పింది, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని శ్రావణమాసంలో పిల్లను ఎత్తుకుని బస్సులో తీసుకుపోయింది. ఎవరైనా కళ్లు ఎట్లా పోయాయని అడిగితే మాత్రం "నేనే పోగొట్టినాను" అనేది. తట్టు సంగతి చెప్పేది కాదు. పసరు సంగతే చెప్పేది.

చెల్లెలు పెద్దదైంది. నాయన పక్కన కూర్చుని బొంతలు కుట్టడం నేర్చుకుంది. సూదిలో దారం ఎక్కించి ఇస్తే చాలు, వేలితో కొలుచుకుంటూ వరస తప్పకుండా కుట్టేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. ప్రతి గుడ్డా ఏ రంగో అడిగేది. చూపు పోయేనాటికి ఏడేళ్లది కాబట్టి రంగులు గుర్తున్నాయి దానికి. నేను విసుగొచ్చి ఎరుపును ఆకుపచ్చ అన్నానంటే, "ఈ గీతల గుడ్డ మొన్న నాయన ఎర్రదన్నాడు, ఈ పొద్దు పచ్చగ ఎట్లయిందే?" అని నన్ను పట్టేసేది. కుడి కంటికి వెలుతురు తెలిసేది. వాకిట్లో మనిషి అడ్డం వస్తే నీడ తెలిసేది. అంతకు మించి ఏమీ లేదు.

ఎనభైల మధ్యలో ఎమ్మిగనూరులో కంటి వైద్య శిబిరం పెట్టారని తెలిసి అమ్మ, నేను దాన్ని తీసుకుపోయాం. పట్నంలోని ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ బడి గదిలో కూర్చుని చూస్తోంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. జుట్టు అప్పుడే నెరుస్తోంది. కుడి కంట్లోకి చాలాసేపు లైటు వేసి చూసి, ఎడమ కంటికి చేయగలిగేది ఏమీ లేదనీ, కుడి కంటికి మాత్రం అవకాశం ఉందనీ చెప్పింది.

"కంటి ముందు గాజులాంటి పొర ఒకటి ఉంటుంది. ఈమెకు అది తెల్లబడింది. ఇంకొకరి పొర తీసి అక్కడ కుడితే చూపు రావచ్చు."

మా అమ్మ ముందుకు వంగింది. "నా కన్ను ఒకటి తీసి దీనికి పెట్టండి డాక్టరమ్మా. నాకొకటి సాలు."

డాక్టరమ్మ నవ్వలేదు. "బతికున్నవాళ్ల దగ్గర తీసుకోమమ్మా. చనిపోయినవాళ్లవే తీసుకుంటాం. అవి దొరకడమే కష్టం."

"నేను పోసిన పసరుకే పోయినాయి ఇవి. నావి తీసుకుంటేనే న్యాయం."

"పసరు వల్లే పోలేదమ్మా. తట్టు వచ్చి, ఒంట్లో బలం లేక, కన్ను అప్పటికే చెడిపోయి ఉంటుంది."

అది పూర్తిగా నిజమో, అమ్మ కోసం అన్న మాటో నేను ఎన్నడూ అడగలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆమెకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

ఆ రోజే డాక్టరమ్మ నన్ను ఏం చదివావని అడిగింది. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నానని చెప్పాను. మా వంటి కరువు ప్రాంతాల్లో, చదువూ వైద్యమూ అందని జనంలో, చనిపోయినవాళ్ల కళ్లు ఎందుకు దానం చేయరో, చేయాలంటే ఏం కావాలో తెలుసుకోవడానికి విదేశంలోని ఒక సంస్థ రెండేళ్లకు పరిశోధన నిధులు ఇచ్చిందట. ఊళ్లు తిరిగి జనంతో మాట్లాడడానికి ఇక్కడి మాట తెలిసిన ఆడపిల్ల కావాలంది. నాయన కాసేపు ఆలోచించి, "పో పాపా. దీని కంటికేమైనా దారి దొరుకుతాదేమో," అన్నాడు.

అలా నేను ఆ పనిలో చేరాను. ఒక జీపు, ఒక డ్రైవరు, డాక్టరమ్మ, నేను. ఆదోని వీధులు, ఎమ్మిగనూరు మగ్గాల పేటలు, ఆలూరు వైపు, నందవరం వైపు పల్లెలు. డాక్టరమ్మ నెలలో కొన్ని రోజులే వచ్చేది. మిగతా రోజులు నేను బస్సుల్లో తిరిగేదాన్ని.

మొదట్లో చావు మాట ఎత్తితేనే తలుపులు వేసుకునేవాళ్లు. కొందరు వచ్చే జన్మలో గుడ్డివాళ్లుగా పుడతామనేవాళ్లు. మా వాళ్లలో కొందరు పుట్టినప్పుడు ఎట్లా వచ్చామో అట్లాగే పోవాలనేవాళ్లు. ఆలూరు దగ్గర ఒక పల్లెలో కూలికి పోయే ఆడమనిషి ఒకామె, చంకలో జ్వరం వచ్చిన బిడ్డ, నన్ను కింది నుంచి పైదాకా చూసి అంది:

"బతికినన్ని దినాలు మా ఊరికి ఒక సూది మందు తెచ్చినోళ్లు లేరు. సచ్చినాక కండ్లకు మాత్రం జీపేసుకోనొస్తారా?"

ఆ బిడ్డను జీపులో ఎక్కించుకుని ఆలూరు ఆసుపత్రిలో దింపాం. ఆ తర్వాత డాక్టరమ్మ ఏ ఊరికి పోయినా ముందు మామూలు జబ్బులు చూసేది, పిల్లల కళ్లు చూసేది, ఆ తర్వాతే దానం మాట ఎత్తేది. దీనికి నిధుల్లో పైసా లేదని నాకు తర్వాత తెలిసింది. మందులు ఆమె తన చేతి నుంచే తెచ్చేది.

చెల్లెలు నా వెంట రావడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. ఇంట్లో కూర్చుని విసుగొచ్చి, "నేనూ వస్తా, నాకు బస్సెక్కి ఎన్నేండ్లయిందో," అంది. నేను తప్పక తీసుకుపోయాను. నందవరం దగ్గర ఒక ఊళ్లో ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు వలుస్తున్నారు. నేను నా ప్రశ్నలు అడుగుతుంటే ఒక్కరూ తలెత్తలేదు. చెల్లెలు మాత్రం నేరుగా వాళ్ల మధ్య కూర్చుని, చేత్తో తడుముకుని కుప్ప దగ్గరికి లాక్కుని వలవడం మొదలుపెట్టింది. కాసేపటికి వాళ్లే అడిగారు.

"కండ్లు ఎట్ల పోయినాయి పాపా?"

అది తట్టు సంగతి, పసరు సంగతి, పువ్వు సంగతి చెప్పింది. తర్వాత, "ఎవరైనా పోయినాక వాళ్ల కంటి పొర తీసి నాకు కుట్టొచ్చంట. మా అమ్మ తనది ఇస్తానంటే బతికినోళ్లవి తీసుకోరంట," అంది. ఇమ్మని అడగలేదు. ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఒక ముసలామె లేచి వచ్చి దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. "నాకు ఎనభై దగ్గర పడినాయి. నావి పనికొస్తాయా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి నేను ప్రశ్నలు అడగడం తగ్గించాను. చెల్లెలు మాట్లాడేది, నేను పక్కన ఉండేదాన్ని. ఉరుకుంద జాతరలో కూడా ఒక చిన్న పందిరి వేశాం. మొక్కులు చెల్లించుకోవడానికి బస్సుల్లో వచ్చినవాళ్లు చెల్లెలి చుట్టూ మూగేవాళ్లు. ఇస్తామని చెప్పేవాళ్లు పెరిగారు. ఒకాయన, పొగాకు నములుతూ అంతా విని, మెల్లగా అడిగాడు.

"సరేమ్మా, ఇస్తాము. మేము సచ్చినామని మీకెట్ల తెలుస్తాది? కొన్ని గంటల్లోనే తీయల్ల అంటాండావు. మా ఊరికి దినానికి ఒక్కటే బస్సు."

నేను డాక్టరమ్మను అడిగాను. ఆమె ముఖం వాడిపోయింది. ఆదోనిలో ఒక చిన్న గది, ఐసు పెట్టె, కళ్లు తీయడం నేర్చిన మనిషి, ఎప్పుడూ సిద్ధంగా ఉండే బండి కావాలని మొదటే అడిగానని చెప్పింది. ఇది జనం మనసు తెలుసుకునే పరిశోధన, వైద్య సేవ కాదు కాబట్టి వాటికి ఇవ్వలేమని నిధులిచ్చేవాళ్లు అన్నారట. "ముందు జనం ఒప్పుకుంటున్నారని చూపిద్దాం. అప్పుడు వాళ్లే ఇస్తారు," అంది. ఆమె నిజంగానే నమ్మింది. నేనూ నమ్మాను.

ఒక్కసారి మాత్రం అంతా కలిసి వచ్చింది. ఎమ్మిగనూరులో ఒక ముసలి నేతగాడు తెల్లవారుజామున పోయాడు. డాక్టరమ్మ ఆ వేళ ఆ ఊళ్లోనే శిబిరంలో ఉంది. ఆయన భార్య కొడుకును పంపించింది. మేము వెళ్లేసరికి ఆమె ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది, మీకు ఇష్టమేనా అని.

"పోగు తెగితే నా కంటే ముందు ఆయనకే కనపడేది. అట్లాంటి కండ్లు మట్టిలో ఏసి ఏం సేస్తాము? తీసుకోపోండి తల్లీ," అంది.

పని ముగిశాక రెప్పలు మూసి, ముఖం తుడిచి చూపిస్తే ఏ మార్పూ లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. పేట పేటంతా వచ్చి చూసింది. పట్నంలో ఇద్దరికి చూపు వచ్చిందని కొన్నాళ్లకు కబురొచ్చింది. అందులో ఒకటి మా చెల్లెలికి రాలేదు. దానికంటే ముందు నుంచి ఎదురుచూస్తున్న చిన్న పిల్లలున్నారు. నేను ఆ మాట ఎట్లా చెప్పాలా అని తడబడుతుంటే అదే అడిగింది. "ఎవరికి పెట్టినారంట? సిన్న పిల్లోళ్లకా? అయితే మంచిదే లే." అని కుట్టుకుంటున్న బొంత వైపు తల వంచుకుంది. చాలాసేపు ఏ రంగూ అడగలేదు.

తన కళ్లు ఇవ్వాలని మా నాయన మనసు గట్టిపడింది ఆ తర్వాతే. ఆయన మాటకారి కాదు. ఏళ్ల తరబడి దూది ఏకి ఏకి ఆ నూగు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నాలుగు మాటలంటే దగ్గు వచ్చేది. ఒక శుక్రవారం నమాజు అయ్యాక మసీదు ఇమాం సాబ్ దగ్గరికి పోతూ నన్ను కూడా పిలిచాడు. ఇమాం సాబ్ పెద్ద వయసువాడు. మా వీధిలో ఆయనంటే ఎవరికీ భయం లేదు, అందరికీ గౌరవం ఉంది. వరండాలో కూర్చుని నాయన చెప్పిందంతా విన్నాడు.

"సూడప్పా, ఈ దేహం మనది కాదు. అమానత్. దేవుడు మన దగ్గర దాచుకోమని ఇచ్చినది. మనిష్టమొచ్చినట్ల పంచిపెట్టేదానికి లేదని కొందరు పెద్దలు అంటారు. ఇంకొకరికి మేలయితాదంటే తప్పు లేదని ఇంకొందరు అంటారు. నేను అంత సదువుకున్నోన్ని కాదు. ఔననీ సెప్పలేను, కాదనీ సెప్పలేను."

నాయన దగ్గు ఆగేదాకా ఊరుకున్నాడు. "అమానతే సాబ్. నేనూ కాదనను. ఆ బిడ్డను కూడా ఆయనే నాకిచ్చినాడు గదా. దానికి పనికొస్తే సరే. దానికి కాకపోయినా ఎవరి బిడ్డకో. రేపు ఆయన ముందర నిలబడినప్పుడు ఏమని అడిగితే ఇదే సెప్పుకుంటాను."

ఇమాం సాబ్ గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. చివరికి, "నీ మనసులో ఉండే నియ్యత్ నీకూ ఆయనకూ మధ్య ఉండేది. నేను అడ్డం నిలబడను," అన్నాడు. ఇంటికి వస్తుంటే నాయన నడక తేలికపడినట్టు అనిపించింది నాకు. దారిలో అంగడి ముందు ఆగి చెల్లెలికి గాజులు కొన్నాడు. "ఏ రంగని అడుగుతాది. నీలం అని సెప్పల్ల. గుర్తు పెట్టుకో," అన్నాడు నాతో.

రెండేళ్లు పూర్తయ్యాయి. నిధులు ఆగిపోయాయి. మళ్లీ ఇమ్మని డాక్టరమ్మ రాసింది. జవాబు రావడానికి నెలలు పడుతుందన్నారు. జీపు వెనక్కి తీసుకున్నారు. నేను ఒక బాలవాడిలో పిల్లలకు పాటలు చెప్పే పనిలో చేరాను. పల్లెల్లో ఒప్పుకున్నవాళ్లు మాత్రం ఆదోని సంతకు వచ్చినప్పుడు కనిపించి, మీ జీపు ఎప్పుడొస్తాదని అడిగేవాళ్లు. త్వరలో వస్తుందని చెప్పేదాన్ని. డాక్టరమ్మ వెళ్లేముందు నాతో, "మీ నాన్నగారికి ఎప్పుడేమైనా ఆసుపత్రికి ఫోను చెయ్యి. నేను ఎట్లాగైనా వస్తాను," అంది.

నాయన ఎండాకాలంలో పోయాడు. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, మంచం మీద కూర్చుని టీ తాగాడు. దగ్గు తెర వచ్చింది. అది ఆగలేదు. అమ్మ వీపు నిమురుతుండగానే ఆమె భుజం మీదికి ఒరిగిపోయాడు.

ఏడవడానికి కూడా నాకు వీలు చిక్కలేదు. వీధి చివర పత్తి దళారి అంగట్లో ఫోను ఉంది. పరుగెత్తాను. ట్రంకు కాల్ పెట్టి కూర్చుంటే లైను దొరకదు. దళారి నా ముఖం చూసి ఎక్స్‌చేంజి ఆయనను నాలుగు సార్లు బతిమాలాడు. చివరికి దొరికింది. డాక్టరమ్మ ఆపరేషన్లో ఉంది. ఫోనెత్తిన నర్సమ్మకు అంతా చెప్పాను. "చెప్తానమ్మా, బయటికి రాగానే చెప్తాను," అంది.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు నాయన తల దగ్గర కూర్చుని ఉంది. ఊళ్లన్నీ తిరిగి తను పదిమందికి చెప్పినదే చేస్తోంది. రెప్పలు మూసి, శుభ్రమైన దూది నీళ్లలో తడిపి, కళ్ల మీద పెట్టింది. ఆరిపోతుందేమోనని మాటిమాటికీ వేలితో తాకి చూసి, మళ్లీ తడుపుతోంది. గాలి తగలకూడదని పంకా ఆపించింది. తల కింద ఎత్తు పెట్టించింది. బంధువులు వచ్చి శోకం పెడుతున్నా అది కదలలేదు.

ఎండ ముదిరింది. స్నానం చేయించడానికి నీళ్లు కాచారు. ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ వచ్చింది. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత తీసుకుపోవాలని పెద్దలు అనుకున్నారు. డాక్టరమ్మ వస్తోంది, కాసేపు ఆగండని నేను గడపలో నిలబడి చెప్పాను. మా సిన్నాయన, నాయన తమ్ముడు, మొదట ఏమీ అనలేదు. మసీదులో జొహర్ బాంగు అయిపోయింది. ఐసు తెప్పించి మంచం చుట్టూ పెట్టాం. అది కరిగి వాకిట్లోకి పారుతోంది. జనం నీడ వెతుక్కుంటూ గోడల వెంట కూర్చున్నారు.

"ఇంకెంతసేపు పెడ్తారు మా అన్నను ఈ ఎండల్లో?" అన్నాడు సిన్నాయన. "బతికినన్ని దినాలు ఊపిరాడక అల్లాడినాడు. ఇప్పుడన్నా సల్లగ పండుకోనియ్యండి."

ఆయన మాటలో తప్పు లేదు. అప్పటిదాకా వెనక కూర్చున్న ఇమాం సాబ్ లేచాడు.

"సాయంత్రం అసర్ నమాజు దాకా ఆగుదాము. సచ్చిపోయినోని మాట అది. నా ముందరే సెప్పినాడు," అన్నాడు. ఆయన అన్నాక ఎవరూ ఎదురు చెప్పలేదు. కానీ నా వైపు ఎవరూ చూడడం లేదు.

డాక్టరమ్మ అసర్ వేళకు వచ్చింది. బస్సు దారిలో చెడిపోతే లారీ ఎక్కి, మార్కెట్ దగ్గర దిగి, అక్కడి నుంచి ఆ ఎండలో నడిచి వచ్చింది. చీరంతా దుమ్ము. చేతిలో ఐసు వేసిన ఫ్లాస్కు, భుజానికి సంచి. ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, నాయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చెల్లెలు దూది తీసింది. డాక్టరమ్మ రెప్ప ఎత్తి టార్చి వేసింది. రెండో కన్ను కూడా చూసింది. మళ్లీ మొదటి కన్ను చూసింది.

పొర మసకబారిపోయింది. నాకు కూడా కనిపిస్తోంది.

"చాలా ఆలస్యమైపోయిందమ్మా," అంది డాక్టరమ్మ. నాతో కాదు, చెల్లెలితో. "ఇవి ఇప్పుడు ఎవరికీ పనికిరావు."

చెల్లెలి చేతిలో తడి దూది నుంచి నీళ్లు కారుతున్నాయి. దాన్ని పక్కన పెట్టి, తడుముకుంటూ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీ సెయ్యి కాలిపోతాంది. ఎండలో నడిసొచ్చినారా? నీళ్లు తాగినారా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. అంత పెద్ద చదువు చదివిన మనిషి మా ఇంటి బండల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడవడం చూసి బయట మాటలు ఆగిపోయాయి. మా అమ్మ కుండలో నీళ్లు ముంచి తెచ్చి తాగించింది. సిన్నాయన వచ్చి, "లేండి తల్లీ, మీరేం సేస్తారు," అన్నాడు.

నాయనను తీసుకుపోయారు. ఆడవాళ్లం వాకిట్లోనే ఆగిపోయాం. ఖననం అయ్యాక ఇమాం సాబ్ జనంతో, ఇవ్వాలని మనసులో అనుకున్నాడు కాబట్టి ఇచ్చినట్టే దేవుడు లెక్క వేసుకుంటాడని చెప్పాడట. సిన్నాయన ఇంటికొచ్చి ఆ మాట మాకు చెప్పాడు. అమ్మకు అది కాస్త ఓదార్పయింది. నాకు కాలేదు. ఎవరో ఒక పిల్ల పట్నంలో ఆ కళ్లతో లేచి వాళ్ల అమ్మ ముఖం చూడాల్సింది. ఆ పిల్ల చూడలేదు. దేవుడు ఎట్లా లెక్క వేసుకున్నా ఆ పిల్లకు చూపు రాలేదు.

ఆ సంగతి ఊళ్లకు పాకింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, అక్కడి నుంచి పల్లెలకు. సంతలో కనిపించినవాళ్లు జీపు సంగతి అడగడం మానేశారు. నందవరం ముసలామె, చెల్లెలి ముఖం చేతుల్లోకి తీసుకున్న ఆమె, ఆ వానాకాలంలో పోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె కొడుకు మార్కెట్‌లో ఎదురుపడి చెప్పాడు. "మీ నాయనకే కాలేదంట గదక్కా. మా ఊరికి ఎవరొస్తార్లే అని మేము కబురు సెయ్యలేదు." కోపం లేదు అతని మాటలో. నన్ను నొప్పించకూడదన్నట్టు చెప్పాడు.

ఆ మరుసటి ఏడు డాక్టరమ్మ ఒకసారి వచ్చింది. నిధులు మళ్లీ ఇవ్వలేదట. మా ప్రాంతంలో కళ్లు ఇచ్చింది ఒకే ఒక్కరు కాబట్టి, ఇక్కడి జనంలో మూఢనమ్మకాలు బలంగా ఉన్నాయి కాబట్టి, ఆ డబ్బు ఇంకో ప్రాంతంలో ఖర్చు చేస్తే ఫలితం ఉంటుందని వాళ్లు తేల్చారట. "ఒప్పుకున్నారని నేను రాశాను. ఎంతమంది ఒప్పుకున్నారో, ఎందుకు తీసుకోలేకపోయామో అంతా రాశాను," అంది. నేను ఆలూరు ఆడమనిషిని తలచుకున్నాను, పొగాకు నమిలే ఆయనను తలచుకున్నాను. వాళ్లలో ఎవరూ ఆ మూఢనమ్మకాల మాట వినకపోవడమే మంచిదనిపించింది.

ఆ రోజు ఆమె చెల్లెలి కన్ను కూడా చూసింది. కొన్ని నెలలుగా కంట్లో పోటు వస్తున్నా అది మాకు చెప్పలేదు. డాక్టరమ్మ చూసి, వెంటనే మమ్మల్ని పట్నం తీసుకుపోయింది. పుండు పడి లోపలి దాకా పోయింది. నొప్పి తగ్గించగలిగారు గానీ ఆ కంట్లో మిగిలిన వెలుతురు కూడా పోయింది. ఇక ఎవరి కన్ను దొరికినా చేయడానికి ఏమీ లేదు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. "ఎండ నా మీద పడతాంది గదా?" అంది. పడుతోందన్నాను. "కాక తెలుస్తాంది. అంతే," అంది. ఆ తర్వాత ఆదోని వచ్చేదాకా నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. నిద్రపోలేదు.

ఎనభైల చివర్లో అమ్మ మంచం పట్టింది. ఆఖరి రోజుల్లో ఒకనాడు మమ్మల్నిద్దరినీ దగ్గరికి పిలిచింది.

"నన్ను ఎవరి కోసమూ ఆపి పెట్టద్దండి. పొద్దున పోతే పొద్దున్నే ఎత్తండి," అంది.

ఆమె పోయింది కూడా పొద్దున్నే. జొహర్‌కు ముందే అంతా అయిపోయింది. దళారి అంగటి వైపు ఎవరూ పోలేదు. బంధువులు వెళ్లిపోయాక ఇల్లంతా ఖాళీ అయింది. చెల్లెలు అమ్మ మంచం మీద బొంత మడుస్తోంది. అది దాని చేతి కుట్టే. నేను అడగకుండానే మాట్లాడింది.

"అమ్మకు ఇయ్యాలని లేక కాదు. మళ్లొకసారి కాసుకోని కూసోలేక."

మడిచిన బొంతను నాకు అందించింది. నేను దాన్ని తీసుకుపోయి పెట్టె మీద పెట్టాను. తర్వాత ఇద్దరం వంటింట్లోకి పోయాం. పొద్దుటి నుంచి అది ఏమీ తినలేదు.